సోడియం ఉండగా పొటాష్ ఎందుకు? రెంటికీ చివరి ఎలక్ట్రాన్ ఒకటే కదా!

చెరువుగట్టు | మొగల్తూరు

అందరికీ నమస్కారమండి. మాది వెనామీ రొయ్యల చెరువు. బోరు నీళ్లే ఆధారం, ఉప్పదనం 5 పీపీటీ, అంటే లీటరుకు సుమారు 5 గ్రాముల ఉప్పు. కొద్ది రోజులుగా విసురువల వేసి చూసినప్పుడల్లా కొన్ని రొయ్యలు చేతిలోకి తీసుకోగానే వంకర తిరిగి బిగుసుకుపోతున్నాయి. మళ్లీ నీళ్లలో వదిలినా సాగడం లేదు. తోక దగ్గర కండ తెల్లగా పాలిపోయి కనిపిస్తోంది. నీళ్లు పరీక్ష చేయిస్తే పొటాషియం లీటరుకు 20 మిల్లీగ్రాములే అని వచ్చింది. పొటాష్, అంటే పొటాషియం ఉప్పు, వేయమన్నారు. వేస్తాం, అందులో పేచీ లేదు.

సందేహం మా అమ్మాయిది. ఇంటర్ ఫస్టియర్ చదువుతోంది. సోడియం అమరిక 2, 8, 1. పొటాషియం 2, 8, 8, 1. చివరి కక్ష్యలో రెంటికీ ఒకటే ఎలక్ట్రాన్, రెండూ ఒకే గ్రూపు, కాబట్టి గుణాలూ ఒకటే అని పుస్తకంలో ఉంది. మన నీళ్లలో సోడియం లీటరుకు గ్రామున్నర దాకా ఉంటుంది. మరి పొటాషియం చేసే పని అది ఎందుకు చేయలేకపోతోంది? నాకు తెలియలేదు. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి, అమ్మాయికి ఇదే చూపిస్తాను.


ఏరియేటర్ | భీమవరం

అన్నా, ముందు మందు వెయ్యండి, కెమిస్ట్రీ తర్వాత చూద్దాం. బిగుసుకుపోయే రొయ్యని చెక్ ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) దగ్గర ఎక్కువసేపు బయట ఉంచకండి. ఎండ పొద్దున వల వేయడం ఆపండి, తెల్లవారుజామునే చూసుకోండి. మెగ్నీషియం ఎంత వచ్చిందో కూడా చెప్పండి.


రసాయన మాస్టారు | తణుకు

చెరువుగట్టు గారూ, అమ్మాయిని నా తరఫున అభినందించండి. పాఠంలో సగం చెప్పి వదిలేసిన చోటే ఆమె పట్టుకుంది.

ఒక్క మాటలో చెప్పాలంటే, మీ చెరువులో ఆ చివరి ఎలక్ట్రాన్ లేనే లేదు. లోహపు సోడియానికి ఉంటుంది. నీళ్లలో ఉన్నది లోహం కాదు, అయాన్, అంటే ఆవేశం ఉన్న పరమాణువు. ఆ ఎలక్ట్రాన్ ఎప్పుడో క్లోరిన్‌కి వెళ్లిపోయింది. మిగిలిన లెక్క చూడండి: సోడియం అయాన్‌లో 10 ఎలక్ట్రాన్లు, పొటాషియం అయాన్‌లో 18.

పోయిన ఎలక్ట్రాన్ వల్ల రెంటికీ ఒకే ఆవేశం వచ్చింది, ప్లస్ 1. లోహాలుగా ఉన్నప్పుడు రెండూ నీళ్లు తగిలితే భగ్గుమంటాయి, రెండూ క్లోరిన్‌తో తెల్లటి ఉప్పు ఇస్తాయి, ఆ ఉప్పులు రెండూ నీళ్లలో కరుగుతాయి. ఈ పోలికలన్నీ దాని పుణ్యమే. తేడాలు మాత్రం మిగిలిపోయిన ఎలక్ట్రాన్ల వల్ల వస్తాయి. సోడియం అయాన్‌కి రెండు కక్ష్యలే, పొటాషియం అయాన్‌కి మూడు. మొదటిదాని వ్యాసార్ధం 102 పికోమీటర్లు, రెండోదానిది 138. పికోమీటరంటే మీటరులో లక్ష కోట్లవ వంతు.

ఆవేశం ఒకటే అయినా చిన్న అయాన్ దగ్గరకు నీటి అణువులు ఇంకా దగ్గరగా రాగలవు, ఇంకా గట్టిగా అంటిపెట్టుకుంటాయి. ఒక మోల్ (పరమాణువులను లెక్కపెట్టే కొలత) సోడియం అయాన్లను నీళ్లు చుట్టుముట్టినప్పుడు దాదాపు 406 కిలోజౌళ్ల శక్తి బయటికొస్తుంది. పొటాషియానికి సుమారు 322 మాత్రమే. అంటే సోడియం మీద ఉన్న నీళ్లని విడదీయడం కష్టం, పొటాషియం మీదవి తేలిగ్గా వదులుతాయి. రొయ్య ఒంట్లో కథ నడిచేది ఈ తేడా మీదే. ఆ సంగతి జువాలజీ వాళ్లు చెబితే బాగుంటుంది.


జువాలజీ టీచర్ | పాలకొల్లు

మాస్టారు పిలిచారు కాబట్టి చెబుతున్నాను.

జంతువుల కణాల పొరలో ఒక పంపు ఉంటుంది. ఒక్కో విడతకు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. దీన్ని 1957లో డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ కనిపెట్టాడు. దేంట్లో కనిపెట్టాడో తెలుసా? పీత కాళ్ల నరాల్లో. మన రొయ్యకు దగ్గరి చుట్టం. 1997లో నోబెల్ కూడా వచ్చింది. రొయ్య మొప్పల్లో ఈ పంపులు దండిగా ఉంటాయి, ఒంట్లో ఉప్పు నిలకడగా ఉండేది వాటివల్లే. బయట నీళ్లలో పొటాషియం చాలకపోతే పంపు మందగిస్తుంది. ఆ తర్వాత నరాలు, కండరాలు అదుపు తప్పుతాయి. మీరు వలలో చూస్తున్న బిగింపులో దీని పాత్ర ఉంది. మెగ్నీషియం తక్కువైనా అలాగే బిగుసుకుంటాయి కాబట్టి దాన్నీ వదిలేయకండి.

ఇక సోడియం ఆ పని ఎందుకు చేయలేదు అంటే, కణం పొరలో పొటాషియం కోసం వేరే దారులు ఉంటాయి. ఆ దారి ఇరుకు చోట చుట్టూ ఆక్సిజన్ పరమాణువులు వరసగా ఉంటాయి. పొటాషియం తన మీది నీటి అణువులను వదిలేసి అందులోకి దిగితే, నీళ్లు ఉన్నప్పుడు ఎంత దూరంలో ఆక్సిజన్లు ఉన్నాయో సరిగ్గా అంతే దూరంలో ఇక్కడా దొరుకుతాయి. నష్టం లేదు. సోడియం అంతకంటే చిన్నది. నీళ్లు వదిలి దిగితే ఆ ఆక్సిజన్లు అందవు. పోగొట్టుకున్నది తిరిగి రాదు కాబట్టి నీళ్లతోనే ఉండిపోతుంది, నీళ్లతో ఉంటే ఆ దారి పట్టదు. చిన్నది దూరలేని చోట పెద్దది దూరడం చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. 1998లో రోడెరిక్ మెకినన్ ఈ నిర్మాణాన్ని ఎక్స్‌రేలతో చూపించాడు, 2003లో రసాయన నోబెల్ అందుకున్నాడు. ఇలాంటి దారులు సోడియం కంటే పొటాషియాన్ని కనీసం వెయ్యి రెట్లు ఎక్కువగా పోనిస్తాయి.


ఇంటర్ ఎంపీసీ | నరసాపురం

సార్, నాకూ ఒక డౌట్. సోడియం ఒక్క ఎలక్ట్రానే ఎందుకు వదులుతుంది? మా నోట్స్‌లో "అష్టకం పూర్తి చేసుకుని స్థిరత్వం పొందడానికి" అని రాయించారు. అష్టకమంటే చివరి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లు. పరమాణువుకి స్థిరత్వం కావాలని ఎలా తెలుస్తుంది?


రసాయన మాస్టారు | తణుకు

దానికి ఏమీ తెలియదు నాయనా. పరీక్షలో ఆ వాక్యం రాస్తే మార్కులు వస్తాయి, రాయి. కానీ మనసులో మాత్రం శక్తి లెక్క పెట్టుకో.

సోడియం పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్ లాగడానికి మోల్‌కు 496 కిలోజౌళ్లు ఖర్చవుతుంది. వదిలించుకోవడం కాదు, మనం లాగాలి. దాన్ని క్లోరిన్ పరమాణువు తీసుకుంటే 349 తిరిగి వస్తుంది. ఇంకా 147 అప్పు మిగిలే ఉంది! అష్టకాలు రెండూ నిండాయి, అయినా లెక్క నష్టంలోనే ఉంది చూశావా? ఆ అప్పు తీర్చేది తర్వాతి అడుగు. ప్లస్, మైనస్ అయాన్లు దగ్గరకు చేరి ఉప్పు స్ఫటికంగా పేరుకున్నప్పుడు 787 కిలోజౌళ్లు వస్తుంది. అప్పుడు లాభం.

మరి రెండో ఎలక్ట్రాన్ కూడా లాగి ఇంకా లాభపడవచ్చు కదా? దానికి 4562 కావాలి. ఒక్కసారిగా తొమ్మిది రెట్లు. ఎందుకంటే అది లోపలి కక్ష్యలోది, కేంద్రకానికి దగ్గరగా ఉంది, అడ్డుగా ఉండే ఎలక్ట్రాన్లు తక్కువ. ఆ ఖర్చు ఏ ఉప్పు స్ఫటికమూ భర్తీ చేయలేదు. మెగ్నీషియానికి ఇదే లెక్క చూడు: 738, తర్వాత 1451, మూడోది 7733. అందుకే మెగ్నీషియం రెండు దగ్గర ఆగుతుంది. అల్యూమినియం మూడు దగ్గర ఆగుతుంది: 578, 1817, 2745, నాలుగోది 11577. ఏ అంకె దగ్గర ధర పేలిందో చూస్తే ఆ మూలకం సంయోజకత, అంటే అది ఎన్ని ఎలక్ట్రాన్లతో కలుస్తుందో, దొరికినట్టే. బట్టీ అక్కర్లేదు.

ఎనిమిది నిండితే ఇక కదలదన్నది కూడా కచ్చితమైన నియమం కాదు. జినాన్ అనే జడవాయువుకు ఎనిమిదీ నిండే ఉంటాయి. అయినా 1962లో నీల్ బార్ట్‌లెట్ దానితో సమ్మేళనం తయారుచేశాడు. లెక్క లాభంలో తేలితే చాలు.


నల్లమట్టి | ముమ్మిడివరం

సాయిల్ సైన్స్ చదివాను, పొలాల్లోనే పని. చెరువుగట్టు గారి నీళ్లలో సోడియం అంత ఉండి పొటాషియం మాత్రం ఎక్కడికి పోయింది అన్నది ఎవరూ అడగలేదు. సముద్రపు నీళ్లలో కిలోకి సోడియం 10.8 గ్రాములు, పొటాషియం 0.4 గ్రాము. అంటే 27కు 1. ఆ నీళ్లే పల్చబడి బోరులోకి వస్తే నిష్పత్తి అలాగే ఉండాలి. ఉండదు. మధ్యలో మన నల్ల బంకమట్టి ఉంది.

బంకమట్టి రేణువు అంటే పల్చటి పొరల దొంతర. పొరల మీద ఆక్సిజన్ పరమాణువులు ఆరు చొప్పున గుండ్రంగా చేరి చిన్న గుంటలు ఏర్పడతాయి. పొరలకు మైనస్ ఆవేశం ఉంటుంది కాబట్టి ప్లస్ అయాన్లు వచ్చి చేరతాయి. పొటాషియం తన మీది నీళ్లని వదిలేసి, గుంటలో గోలీకాయ కూర్చున్నట్టు ఆ గుంటలో కూర్చుంటుంది. కొన్ని రకాల బంకమట్టిలో పైపొర మూసుకుపోయి ఇక బయటికి రాదు. సోడియం నీళ్లని వదలదు, ఒళ్లు లావుగా ఉండి పొరల మధ్య వదులుగా తిరుగుతూ నీళ్లతోపాటు కొట్టుకుపోతుంది. జువాలజీ మేడం చెప్పిన కణం పొర సంగతే ఇక్కడ మట్టిలోనూ నడుస్తోంది. అదే 102, అదే 138.

చెరువులో మీరు వేసిన పొటాష్‌లో కొంత భాగం కూడా అడుగు మట్టి తినేస్తుంది. ఒకసారి వేసి వదిలేస్తే సరిపోకపోవడానికి కారణం ఇదే.


ఏరియేటర్ | భీమవరం

బాగుంది. ఇప్పుడు లెక్క నేను చెబుతాను, చాలామందికి పనికొస్తుంది.

పీపీటీని 11తో గుణించండి, సముద్రం నిష్పత్తిలో ఉండాల్సిన పొటాషియం వస్తుంది. 5 పీపీటీకి 55 మిల్లీగ్రాములు. మెగ్నీషియానికి 39తో గుణించండి, 195. అన్నకు పొటాషియం 20 ఉంది, 35 లోటు. ఎకరం చెరువు, నాలుగడుగుల లోతు అంటే సుమారు 4,930 ఘనపు మీటర్ల నీళ్లు. లీటరుకు 1 మిల్లీగ్రాము పెంచాలంటే 4.93 కిలోల పొటాషియం కావాలి. ఎర్ర పొటాష్, అదే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్, బరువులో దాదాపు సగమే పొటాషియం. కాబట్టి ఒక్కో మిల్లీగ్రాముకు ఎకరానికి దగ్గర దగ్గర 10 కిలోలు. 35కి 350 కిలోలు.

ఒక్కరోజే కుమ్మరించకండి. బాగా కరిగించి, ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) తిరుగుతుండగా దఫాలుగా వెయ్యండి. మధ్యలో నీళ్లు మళ్లీ పరీక్ష చేయించుకోండి, మట్టి ఎంత తింటోందో తెలుస్తుంది. పూర్తిగా 55కి చేరకపోయినా చాలా చెరువుల్లో తేడా కనిపిస్తుంది. ఖర్చు కూడా చూసుకోవాలి కదా.


గోదారి రేవు | రాజమండ్రి

మట్టి మైనస్ అని నల్లమట్టి గారు అన్నారు కాబట్టి నా మాట ఒకటి. గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు మా ఇంట్లో బిందెలో పటిక తిప్పేవాళ్లు. కాసేపటికి మట్టి పొరలు పొరలుగా విడిపోయి అడుక్కి దిగుతుంటే బిందె మీదకు వంగి చూడడం నాకు భలే ఇష్టం. ముందు నీళ్లలో సన్నటి ముక్కలు తేలుతున్నట్టు కనిపిస్తాయి, అవి ఒకదానికొకటి అతుక్కుని పెద్దవై, తర్వాత ఒక్కసారిగా జారుతాయి.

రేణువులన్నీ మైనస్ కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, అందుకే రోజుల తరబడి నీళ్లలో తేలుతూనే ఉంటాయి. పటికలో అల్యూమినియం ఉంది. మాస్టారి లెక్క ప్రకారం మూడు ఎలక్ట్రాన్లు పోయి ప్లస్ 3. ఆవేశం పెరిగేకొద్దీ పేరబెట్టే శక్తి విపరీతంగా పెరుగుతుంది. సిద్ధాంతం ప్రకారం ప్లస్ 1కి ఎంత కావాలో ప్లస్ 2కి అందులో 64వ వంతు, ప్లస్ 3కి 729వ వంతు చాలు. పైగా అల్యూమినియం నీళ్లతో చర్య జరిపి జిగురులాంటి హైడ్రాక్సైడ్‌గా మారి మట్టిని చుట్టేసుకుంటుంది. ఉప్పు వేస్తే ఈ పని కావాలంటే ఎంత ఉప్పు పోయాలో! తాగలేం.

అయితే అంత ఉప్పూ అంతర్వేది దగ్గర సిద్ధంగా ఉంది. గోదావరి పాయ వశిష్ట సముద్రంలో కలిసే చోట ఉప్పునీరు తగలగానే మట్టి రేణువులు గుంపులు కట్టి దిగిపోతాయి. నీటి వేగం తగ్గడం ఒక కారణమైతే ఇదొకటి. కోనసీమ కింద ఉన్న ఒండ్రులో దీని వాటా కూడా ఉంది.


ఇంటర్ ఎంపీసీ | నరసాపురం

సార్, మూడో కక్ష్యలో 18 ఎలక్ట్రాన్లు పడతాయి కదా. మరి పొటాషియం 2, 8, 9 ఎందుకు కాలేదు?


రసాయన మాస్టారు | తణుకు

ఇది అడిగినందుకు సంతోషం. మూడో కక్ష్యలో ఎనిమిది నిండాక ఖాళీగా ఉన్నది 3డి ఆర్బిటాల్ (ఆర్బిటాల్ అంటే కక్ష్యలో ఎలక్ట్రాన్లు ఉండే చోటు; 4ఎస్ నాలుగో కక్ష్యలోది). దాని ఎలక్ట్రాన్ కేంద్రకం దరిదాపులకు రాదు, లోపలి 18 ఎలక్ట్రాన్లు కేంద్రకాన్ని దాదాపు పూర్తిగా కప్పేస్తాయి. 4ఎస్ ఎలక్ట్రాన్ సగటున దూరంగా ఉన్నా, కొంతభాగం లోపలికి చొచ్చుకుని కేంద్రకం లాగుడును చవిచూస్తుంది. అందుకే పొటాషియంలో 4ఎస్‌కి శక్తి తక్కువ, పంతొమ్మిదో ఎలక్ట్రాన్ అక్కడికి చేరింది. 3డిలోకి వెళ్లి ఉంటే అది సోడియం కింద కూర్చునేదే కాదు.

పొటాషియం గురించి ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1869లో మెండలీవ్ పరమాణు భారం ప్రకారం మూలకాలను పేర్చాడు. తర్వాత ఆర్గాన్ దొరికాక చిక్కొచ్చింది. ఆర్గాన్ భారం 39.95, పొటాషియం 39.10. బరువు ప్రకారం పేరిస్తే పొటాషియం జడవాయువుల వరుసలో, ఆర్గాన్ సోడియం కింద పడతాయి. ఎంత అసంబద్ధం! 1913లో హెన్రీ మోస్లీ ఎక్స్‌రేలతో కొలిచి, వరుస నడిపేది బరువు కాదు, కేంద్రకం మీది ఆవేశం అని తేల్చాడు. ఆవేశం ఎంతో ఎలక్ట్రాన్లు అన్ని. ఆర్గాన్ 18, పొటాషియం 19. రెండేళ్లకే, 27 ఏళ్ల వయసులో, గలిపోలి యుద్ధంలో చనిపోయాడు. బతికుంటే ఇంకెంత చేసేవాడో అని ఈ పాఠం చెప్పినప్పుడల్లా అనుకుంటాను.

ఇంతకీ ఆర్గాన్ ఎందుకు బరువెక్కింది? పొటాషియమే కారణం. ప్రకృతిలోని పొటాషియంలో పదివేలకు దాదాపు ఒక పరమాణువు పొటాషియం 40. రేడియోధార్మికత ఉన్నది. అందులో ఎక్కువ భాగం కాల్షియంగా మారుతుంది. పదోవంతుకు కాస్త పైగా మాత్రం వేరే దారి పడుతుంది: కేంద్రకం తన సొంత ఎలక్ట్రాన్‌నే ఒకదాన్ని లోపలికి లాక్కుంటుంది. ఒక ప్రోటాన్ న్యూట్రాన్ అవుతుంది. 19 కాస్తా 18. నీళ్లు తగిలితే మండే లోహం దేనితోనూ కలవని వాయువు అయిపోయింది. బరువు దాదాపు మారలేదు, ఒక్క ఎలక్ట్రాన్ మారింది. గాలిలో నూటికి 0.93 పాళ్లు ఉన్న ఆర్గాన్ దాదాపు అంతా కోట్ల ఏళ్లుగా రాళ్లలో ఇలా పుట్టి బయటపడిందే. చెరువుగట్టు గారి షెడ్డులో ఉన్న పొటాష్ బస్తాలో కూడా ఇది జరుగుతూనే ఉంటుంది. భయమేమీ లేదు, మన ఒంట్లోని పొటాషియంలోనూ జరుగుతుంది.


చెరువుగట్టు | మొగల్తూరు

మాస్టారూ, చదువుతూ ఉండిపోయామండి ఇద్దరం. అమ్మాయి అడుగుతోంది: అయితే న్యూట్రాన్లకు రసాయనంలో పనే లేదా?


రసాయన మాస్టారు | తణుకు

దాదాపు లేదమ్మా. ప్రోటాన్లు ఎలక్ట్రాన్ల లెక్క తేలుస్తాయి, న్యూట్రాన్లు బరువు పెంచుతాయి. తేలికైన హైడ్రోజన్‌లో మాత్రం బరువు రెట్టింపవుతుంది కాబట్టి తేడా బాగా కనిపిస్తుంది. భారజలం, అంటే బరువైన హైడ్రోజన్ ఉన్న నీళ్లు, 101.4 డిగ్రీల దగ్గర మరుగుతుంది. గోదావరి ఒడ్డునే, ఎగువన మణుగూరులో, బరువు వల్ల రసాయన గుణాల్లో వచ్చే కొద్దిపాటి తేడాను వాడుకుని భారజలాన్ని విడదీస్తున్నారు.


యానాం ల్యాబ్ | యానాం

ఒకే గ్రూపులో తేడా అంటే నాకు గుర్తొచ్చేది వెండి, బంగారం. రొయ్యల చెరువు ఎండగట్టినప్పుడు బురదలో దిగి పనిచేసే ఆడవాళ్ల వెండి పట్టీలు నల్లబడతాయి. అడుగు బురదలోని హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలి వెండి సల్ఫైడ్ అవుతుంది. మెళ్లో పుస్తెలు మాత్రం తళతళలాడుతూనే ఉంటాయి. రెంటికీ చివరి కక్ష్యలో ఒకటే ఎలక్ట్రాన్. కానీ బంగారం కేంద్రకంలో 79 ప్రోటాన్లు. అంత లాగుడుకు లోపలి ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో సగానికి పైగా వేగంతో తిరుగుతాయి. అక్కడ ఐన్‌స్టీన్ సాపేక్షత లెక్కలోకి వస్తుంది, చివరి 6ఎస్ ఆర్బిటాల్ కూడా కుంచించుకుపోతుంది. ఎలక్ట్రాన్ లాగాలంటే వెండికి 731 కిలోజౌళ్లు, బంగారానికి 890. రంగు కూడా అందుకే: లోపలి 5డి నుంచి 6ఎస్‌కి ఎడం తగ్గి నీలి కాంతిని పీల్చుకుంటుంది, మిగిలింది పసుపుగా కనిపిస్తుంది. వెండిలో ఆ ఎడం కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి దాకా ఉంటుంది కాబట్టి తెల్లగా ఉంటుంది.


వరిచేను | రాజోలు

అయ్యా, రొయ్యల వాళ్లకి బాగా చెప్పారు, వరి వాళ్లకి కూడా చెప్పండి. నాటిన నెలలోపు మొక్క పీకి చూస్తే కొన్ని చోట్ల వేర్లు ఎర్రగా తుప్పు పట్టినట్టు ఉంటున్నాయి. కొసలు మాత్రం తెల్లగా ఉన్నాయి. పల్లంలో ఉన్న మడిలో అయితే వేర్లు నల్లగా మెత్తబడి, కుళ్లిన గుడ్డు వాసన. రెండూ పక్కపక్క మళ్లే.


నల్లమట్టి | ముమ్మిడివరం

వరిచేను బాబాయ్, మీ ఎర్రటి వేరు ఆరోగ్యంగానే ఉంది. నల్ల వేరుకే ఇబ్బంది.

దమ్ము చేసి నీళ్లు పెట్టాక మట్టిలోకి గాలి దిగదు. ఆక్సిజన్ గాలిలో కంటే నీళ్లలో పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. కానీ మట్టిలోని సూక్ష్మజీవులు గడ్డిని, మోళ్లను తింటూనే ఉంటాయి. తినడమంటే కార్బన్ నుంచి ఎలక్ట్రాన్లు లాగడమే. లాగిన ఎలక్ట్రాన్‌ను ఎవరికో ఒకరికి ఇవ్వాలి. మొదట ఆక్సిజన్‌కి ఇస్తాయి. అది ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. తర్వాత నైట్రేట్, ఆ తర్వాత మాంగనీస్, ఆపైన ఇనుము, దాని తర్వాత సల్ఫేట్. అన్నీ అయిపోతే చివరికి మీథేన్ బుడగలు వస్తాయి.

ఇనుము వంతు వచ్చినప్పుడు తుప్పు రంగులో ఉన్న ప్లస్ 3 ఇనుము ఒక ఎలక్ట్రాన్ అందుకుని ప్లస్ 2 అవుతుంది. ఎరుపు పోయి మట్టి బూడిద నీలానికి తిరుగుతుంది, ఇనుము నీళ్లలో కరుగుతుంది. వరి వేరు కాండంలోని గొట్టాల ద్వారా గాలిని కిందికి తెచ్చుకుని కాస్త బయటికి వదులుతుంది. అక్కడ కరిగిన ఇనుము మళ్లీ ఎలక్ట్రాన్ పోగొట్టుకుని వేరు మీద తుప్పుగా పేరుకుంటుంది. మీరు చూసిన ఎరుపు అదే. కొస కొత్తగా పెరుగుతోంది కాబట్టి ఇంకా తెల్లగా ఉంది. వేరు ఊపిరి తీస్తోందనడానికి అది గుర్తు.

పల్లపు మడిలో నీళ్లు ఎప్పుడూ తీయలేదు, ఎలక్ట్రాన్లు సల్ఫేట్ దాకా వెళ్లిపోయాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ వచ్చింది. అది ఇనుముతో కలిస్తే నల్లటి ఐరన్ సల్ఫైడ్. ఆ మడికి మురుగు దారి చూసి, నీళ్లు తీసి, సన్నటి నెర్రెలు పడే దాకా ఆరనివ్వండి. గాలి దిగితే ఎలక్ట్రాన్లు మళ్లీ ఆక్సిజన్‌కే పోతాయి. పూత దశలో మాత్రం ఎండబెట్టకండి.


వరిచేను | రాజోలు

మురుగు కాలువ పూడిక తీయిస్తే గానీ అవదు, చూస్తాను. మరి జింక్ సంగతి? అది కూడా ఇలాగే మారుతుందా? డీఏపీతో కలిపి వేయొద్దంటారు, ఎందుకు?


నల్లమట్టి | ముమ్మిడివరం

జింక్ మారదు బాబాయ్. ఇనుములో 3డి ఆర్బిటాల్ పూర్తిగా నిండి ఉండదు, అందుకే రెండూ మూడూ మధ్య అటూ ఇటూ తిరుగుతుంది. జింక్‌లో అది పదితో పూర్తిగా నిండింది. పైన ఉన్న రెండు ఎలక్ట్రాన్లే పోతాయి, మూడోది లాగడం చాలా ఖర్చు. కాబట్టి ఎప్పుడూ ప్లస్ 2. నీళ్లు నిలిచిన మట్టిలో సల్ఫైడ్‌తోనో కార్బొనేట్‌తోనో కలిసి కరగకుండా ఉండిపోతుంది, మొక్కకు అందదు. మొక్క గిడసబారి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చేది అప్పుడే.

డీఏపీలో ఫాస్ఫేట్ ఉంది, దానికి మైనస్ ఆవేశం. జింక్ ప్లస్ 2. రెండూ ఒకే చోట పడితే జింక్ ఫాస్ఫేట్‌గా గట్టిపడి రెండూ వృథా. మధ్య కొన్ని రోజులు ఎడం ఇవ్వండి. ఇప్పటికే మచ్చలు కనిపిస్తుంటే మట్టిలో వేసి ఎదురుచూడకండి, లీటరు నీళ్లకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి సాయంత్రం పూట ఆకుల మీద కొట్టండి, వారం ఆగి మళ్లీ కొట్టండి. ఆ ట్యాంకులో పురుగుమందు కలపొద్దు.